గ్రీకు దీవుల కథలు, ప్రవాస పిల్లలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

మెల్‌బోర్న్ శివారులోని ఒక పబ్లిక్ లైబ్రరీలో వారానికొకసారి పిల్లలకు కథలు చెప్పడం నా ఉద్యోగంలో భాగం. ఆ పేటలో గ్రీకు మూలాలున్న కుటుంబాలు ఎక్కువ కాబట్టి, తెలుగింట పుట్టిన నేను కొన్నేళ్ళుగా అక్కడ చెబుతున్నవి ఏజియన్ సముద్రపు దీవుల కథలే. ఆస్ట్రేలియా, గ్రీసు ప్రభుత్వాల మధ్య 1952లో కుదిరిన వలస ఒప్పందం తరువాత ఓడలెక్కి వచ్చిన తరంవారు ఇప్పుడు ముత్తాతలూ తాతమ్మలూ అయ్యారు. వారి మునిమనవలు నా ముందు తివాచీ మీద కూర్చుంటే, వారు వెనక కుర్చీల్లో కూర్చుంటారు. ఈ పని గురించి మన తెలుగు మిత్రులు వేసే ప్రశ్నల్లోనూ, కొత్తగా ఈ రంగంలోకి వచ్చే కథకుల మాటల్లోనూ పదే పదే వినిపించే కొన్ని అపోహలను ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

అపోహ: గ్రీకు దేవతల రాజు జ్యూస్, ఆయన భార్య హెరా, వారు ఉండే ఒలింపస్ పర్వతం గురించి చెబితే దీవుల వారసత్వం చెప్పినట్టే.

వాస్తవం: ఒలింపస్ ప్రధాన భూభాగంలో ఉత్తరాన ఉన్న కొండ. కాలిమ్నోస్ దీవి నుంచో కాస్తెలోరిజో దీవి నుంచో వచ్చిన కుటుంబానికి అది ఎంత దూరమో, ఏ కోనసీమ ఊరివారికైనా హిమాలయం అంతే దూరం. దీవి బిడ్డకు దీవి కథ కావాలి, అటువంటి కథలకు కొదవ కూడా లేదు. దేవతలకూ రాక్షసులకూ యుద్ధం జరిగినప్పుడు పోలిబోటీస్ అనే రాక్షసుడు సముద్రంలో పడి పారిపోతుంటే, సముద్ర దేవుడు పోసిడాన్ తన త్రిశూలంతో కోస్ దీవిలో ఒక ముక్కను విరిచి వాడి మీదికి విసిరాడనీ, ఆ ముక్కే నీసిరోస్ దీవి అయిందనీ, దాని కింద నలిగిన రాక్షసుని మూలుగే అక్కడి అగ్నిపర్వతపు గురగుర అనీ ప్రాచీనులు చెప్పుకున్నారు. నీసిరోస్‌లో స్టెఫానోస్ అనే అగ్నిపర్వత బిలం ఇప్పటికీ ఉంది. సుమారు 300 మీటర్ల వెడల్పున్న ఆ బిలంలోకి మనుషులు దిగి నడవవచ్చు. కాళ్ళ కింద నేల వెచ్చగా ఉంటుంది, గంధకపు వాసన ముక్కు పుటాలను మండిస్తుంది. మన ఊళ్ళలో ఫలానా గుట్ట ఆంజనేయస్వామి తెస్తున్న సంజీవని కొండ నుంచి జారిన ముక్క అని చెప్పుకోవడం గుర్తున్నవారికి ఈ కథ రుచి వెంటనే తెలుస్తుంది.

ఈ కథ చెప్పేటప్పుడు నేను ఒక గుండ్రని రొట్టెను తీసుకుని, కోస్ పేరు చెప్పి అంచున ఒక ముక్క విరుస్తాను. ఒకసారి వెనక కూర్చున్న కోస్ దీవి పెద్దాయన ఒకరు లేచి, "ఆ ముక్క మాది, ఎప్పటికైనా తిరిగి ఇచ్చెయ్యాలి" అన్నారు. పిల్లలు నవ్వారు, ఆయన మనవడు మాత్రం నవ్వలేదు. కథ అయ్యాక వాడు ప్రపంచ పటం దగ్గరికి వెళ్ళి ఆ రెండు దీవుల మధ్య దూరాన్ని వేళ్ళతో కొలవడం చూశాను. దేవతల వంశవృక్షాన్ని ఎంత అందంగా వివరించినా పిల్లవాడు పటం దగ్గరికి వెళ్ళడని నా అనుభవం. అదే విధంగా, పెట్టెలో సముద్రం మీద కొట్టుకువచ్చిన దనాయీనీ ఆమె పసిబిడ్డ పెర్సియస్‌నూ ఒక జాలరి ఒడ్డుకు చేర్చిన కథ సెరిఫోస్‌ది. అపోలో దేవుని తల్లి లీటోకు కాన్పుకు ఎక్కడా చోటు దొరకనప్పుడు ఆశ్రయమిచ్చిన తేలే దీవి కథ డెలోస్‌ది. అందుకే కుటుంబాన్ని నేను ముందుగా అడిగేది "మీది ఏ దీవి?" అని. ఏ దేవుడు ఇష్టమన్న ప్రశ్న ఆ తరువాతే.

అపోహ: మనకు రామాయణం ఎలాగో, వారికి ఈ పురాణాలు అలాగే.

వాస్తవం: మన తెలుగువారు అతి సహజంగా పడే పొరపాటు ఇది, నేనూ పడ్డాను. మనకు పురాణం పూజగదిలోనూ, పందిరి కింద హరికథలోనూ, నోటి సామెతలోనూ ఒకేసారి బతికి ఉంటుంది. గ్రీకు కుటుంబాల్లో అత్యధికులు శతాబ్దాలుగా ఆర్థడాక్స్ క్రైస్తవులు. కొత్తలో ఒక యయాను, అంటే అమ్మమ్మను, "సముద్రంలో వెళ్ళేటప్పుడు మీవాళ్ళు పోసిడాన్‌కు మొక్కుకునేవారా?" అని అడిగాను. ఆమె గబగబా శిలువ గుర్తు వేసుకుని, పక్కామెకు ఆ ప్రశ్న గ్రీకులో చెప్పింది. ఆ తరువాత ఇద్దరూ కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. నావికులను కాపాడేది సెయింట్ నికొలస్. చిన్న రేవుల్లో సైతం ఆయన గుడి కనబడుతుంది. పోసిడాన్ వారికి బడి పుస్తకం, నాటకం, ఊరి పేరు వెనక ఉన్న కథ. ఆయన గురించి గర్వం ఉంది, భక్తి లేదు. కనుక జ్యూస్‌ను ఇంద్రునితో, దేవతల వార్తాహరుడు హెర్మీస్‌ను నారదునితో జతకట్టి చెప్పడం మన పిల్లలకు సరదాగా ఉండవచ్చేమో కానీ, గ్రీకు కుటుంబం ముందు అది వారిది కాని భక్తిని వారికి అంటగట్టడమే అవుతుంది. జ్యూస్ అనే పేరూ, వేదంలోని ద్యౌః అనే మాటా ఒకే మూలం నుంచి వచ్చినవని భాషాశాస్త్రం చెబుతున్న మాట నిజమే. అయితే పేర్లు చుట్టాలైనంత మాత్రాన కథలు చుట్టాలు కావు.

అపోహ: పిల్లల కథలో ఎవరూ చనిపోకూడదు, విషాదాన్ని తీసివేయాలి.

వాస్తవం: మొదటి ఏడాది నేను, మైనంతో ఈకలు అతికించిన రెక్కలతో తండ్రితో పాటు ఎగిరి, సూర్యునికి మరీ దగ్గరగా వెళ్ళి సముద్రంలో పడి చనిపోయిన ఇకారస్‌ను డాల్ఫిన్ల చేత రక్షింపజేశాను. మైనం కరిగింది, ఈకలు రాలాయి, పిల్లవాడు నీళ్ళలో పడ్డాడు, డాల్ఫిన్లు వీపు మీద ఎక్కించుకుని ఒడ్డుకు చేర్చాయి. చప్పట్లు కూడా పడ్డాయి. అప్పుడు ఆరేళ్ళ పాప ఒకతె లేచి, "మరి మా దీవికి ఇకారియా అని పేరెందుకు పెట్టారు?" అని అడిగింది. ఆ బిడ్డ పడిన సముద్రానికి ఇకారియో అనీ, వీరుడు హెరాక్లీస్ అతణ్ణి పూడ్చిపెట్టిన దీవికి ఇకారియా అనీ పేర్లు వచ్చాయి. అతణ్ణి బతికిస్తే ఆ పాప ఊరికి పేరే లేకుండా పోతుంది. అప్పటినుంచి ఇకారస్ నా కథల్లో పడిపోతూనే ఉన్నాడు. పడిన తీరును వర్ణించను, రెక్కలు విప్పి పక్కన పెట్టిన తండ్రి మౌనం దగ్గర కాసేపు ఆగుతాను. దాపరికానికీ మెతకదనానికీ మధ్య తేడా ఉంది.

అపోహ: వారసత్వం అంటే ప్రాచీనమైనదే.

వాస్తవం: కాలిమ్నోస్ దీవి మగవారు తరతరాలుగా సముద్రపు అడుగున స్పాంజీలు ఏరి బతికారు. ఈస్టర్ పండుగ తరువాత పడవలు ఆఫ్రికా తీరాల వైపు బయలుదేరి శరత్కాలానికి తిరిగి వచ్చేవి. పాతకాలపు గజ ఈతగాడు ఒంటి మీద గుడ్డ లేకుండా, పది పన్నెండు కిలోల పలకరాయిని రెండు చేతులా ముందుకు పట్టుకుని, దాని బరువుతోనే అడుగుకు దిగేవాడు. రాయికి కట్టిన తాడును పైనున్నవారు లాగితే తిరిగి వచ్చేవాడు. ఆ రాతిని స్కందలోపెత్రా అంటారు. 1860లలో గాలి గొట్టంతో కూడిన డైవింగ్ సూటు వచ్చాక ఎక్కువ లోతున ఎక్కువసేపు ఉండటం సాధ్యమైంది. కానీ ఒత్తిడి నుంచి వేగంగా పైకి రావడం వల్ల రక్తంలో నత్రజని బుడగలు కట్టి ఎందరో చనిపోయారు, ఎందరికో కాళ్ళు పడిపోయాయి. కాలిమ్నోస్‌లో మిహనికోస్ అనే నృత్యం ఒకటి ఉంది. అందులో వరుసకు ముందున్న నర్తకుడు చేతికర్ర ఆనించి, వణికే కాళ్ళతో, పక్షవాతం వచ్చిన ఈతగాడిలా అడుగులు వేస్తాడు. 1905 ప్రాంతంలో ఈ దీవులవారే ఫ్లోరిడాలోని టార్పన్ స్ప్రింగ్స్‌కు వెళ్ళి స్పాంజీల వ్యాపారాన్ని నిలబెట్టారు. నేటికీ అక్కడ జనవరి 6న ఫాదరీ నీళ్ళలోకి విసిరిన శిలువ కోసం కుర్రాళ్ళు దూకుతారు.

ఈ కథలో దేవుళ్ళు లేరు, అద్భుతాలు లేవు. అయినా ఒక పలకరాయిని తువ్వాలులో చుట్టి తెచ్చి, పిల్లల ఒళ్ళో ఒక్కొక్కరికీ కాసేపు ఉంచితే, ఆ గదిలో వచ్చే నిశ్శబ్దం పెర్సియస్ కథకు కూడా రాదు. (నా రాయి మూడు కిలోలే; లైబ్రరీ భద్రతా నిబంధనలు అంతకు మించి ఒప్పుకోలేదు.)

మరో రెండు చిన్న విషయాలు. బొమ్మల పుస్తకాల్లో ప్రతి దీవికీ తెల్లటి గోడలు, నీలి గుమ్మటాలు వేయడం సాంటోరినీ పోస్టుకార్డుల పుణ్యం. సీమీ దీవి రేవులో ఇళ్ళు పసుపు, కాషాయ రంగుల్లో ఉంటాయి, హియోస్ దీవిలోని పీర్గీలో గోడల నిండా గీరిన నలుపు తెలుపు ముగ్గులుంటాయి. ఇక లోకంలోకి కష్టాలను వదిలిందని గ్రీకు కథ చెప్పే పండోరా తెరిచింది పెట్టె కాదు, పెద్ద కాగు; 16వ శతాబ్దంలో ఎరాస్మస్ లాటిన్‌లోకి మార్చేటప్పుడు ఆ కాగు పెట్టె అయింది.

అపోహ: గ్రీకు రాని పిల్లలకు గ్రీకు మాటలు వినిపించడం దండగ, లేదా కథంతా గ్రీకులోనే చెప్పాలి.

వాస్తవం: 2021 జనాభా లెక్కల్లో గ్రీకు మూలాలున్నట్టు చెప్పినవారు ఆస్ట్రేలియాలో 4 లక్షలకు పైగా ఉండగా, ఇంట్లో గ్రీకు మాట్లాడేవారు సుమారు 2 లక్షల 30 వేలు. కథంతా గ్రీకులో చెబితే సగం మంది పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తారు. అలాగని పూర్తిగా మానేస్తే వెనక కుర్చీలకు పని ఉండదు. అందుకని కథకు రెండు చివరలూ, మధ్యలో ఒక కీలకమైన మాటా గ్రీకులో ఉంచుతాను. మొదలు పెట్టడానికి వారికి ఒక పాత పాట ఉంది: ఎర్రదారం కట్టి, నూలు చట్రానికి చుట్టి, ఒక్క తన్ను తంతే అది తిరుగుతుంది, కథ మొదలవుతుంది అని దాని భావం. ముగింపులో "వాళ్ళు బాగా బతికారు, మనం ఇంకా బాగా బతికాం" అంటారు. కథ కంచికి పంపి మనల్ని ఇంటికి చేర్చే మన మాట కన్నా ఇందులో గడుసుదనం కాస్త ఎక్కువని నాకు అనిపిస్తుంది.

ఆ మధ్యలోని మాటను మాత్రం ప్రమాదం ఉన్న చోటే పెట్టాలి. నావికుల జానపద కథల్లో గొర్గోనా అనే జలకన్య ఉంది. ఆమె అలెగ్జాండర్ చక్రవర్తి చెల్లెలు. నడిసముద్రంలో ఓడను పట్టుకుని ఆపి, "అలెగ్జాండర్ రాజు బతికే ఉన్నాడా?" అని అడుగుతుంది. చనిపోయాడంటే కోపంతో ఓడను ముంచేస్తుంది. "జీ కె వసిలేవి", అంటే బతికే ఉన్నాడు, ఏలుతున్నాడు అని చెబితే సముద్రం చల్లబడుతుంది. నేను కుర్చీ అంచు పట్టుకుని ఊపుతూ గొర్గోనా గొంతుతో ఆ ప్రశ్న అడుగుతాను. మొదటిసారి విన్న పిల్లలు బిక్కమొహం వేస్తారు. వెనక నుంచి నాలుగైదు ముసలి గొంతులు ఒక్కసారిగా జవాబు చెబుతాయి. పిల్లలు వెనక్కి తిరిగి చూస్తారు. రెండోసారి అడిగేసరికి, మునిగిపోవడం ఇష్టం లేక, వాళ్ళూ చెబుతారు.