ప్రశ్నకు 5, జవాబుకు 10

ప్రోగ్రామర్లు తమ సందేహాలు అడిగి, ఒకరికొకరు జవాబులు చెప్పుకునే సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో ప్రశ్నలు అడిగేవాళ్లు బాగా తగ్గిపోయారు. దీనికి కారణం చాట్‌జీపీటీయా, అక్కడి పాతకాపుల దురుసుతనమా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. 2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ ఆ సైట్ పెట్టిన కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. నాకు అసలు మలుపు 2010 మార్చిలో కనిపిస్తుంది.

అప్పటిదాకా ప్రశ్న నచ్చి ఓటేసినా, జవాబు నచ్చి ఓటేసినా రాసినవాడి ఖాతాలో చేరేది 10 పాయింట్లే. అక్కడ పరపతిని కొలిచేది ఆ పాయింట్లతోనే. ఆ నెలలో ప్రశ్న ఓటును 5కి కోశారు, జవాబు జోలికి పోలేదు. జవాబు రాయడమే అసలు కష్టం అన్నది అప్పటి లెక్క. అందులో నిజం లేకపోలేదు. తర్వాత మైనస్ ఓటు కూడా అటే ఒరిగింది. జవాబుకు మైనస్ వేస్తే వేసినవాడికీ ఒక పాయింటు పోతుంది, ప్రశ్నకు వేస్తే ఏమీ పోదు. ఎందుకు వేశావని అడిగేవాడూ లేడు. అడిగినవాణ్ని కొట్టడం ఉచితమైంది.

మనవాళ్లకు ఇంకో తంటా. క్లాసులో చెయ్యెత్తి 'సార్, డౌట్' అంటే మన దగ్గర వినయం. బయటి ఇంగ్లిష్‌లో డౌట్ అంటే అపనమ్మకం. 'హాయ్ సార్', 'థాంక్స్ ఇన్ అడ్వాన్స్' రాస్తే ఎవరో వచ్చి రెండూ చెరిపేస్తారు, అక్కడ అవి అనవసర సరుకు. 'అర్జెంట్' అన్నారో, ఇక అంతే. అమీర్‌పేట హాస్టల్లో అర్ధరాత్రి నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అనే ప్రోగ్రామ్ ఎర్రర్‌తో కుస్తీ పడే కుర్రాడికి దక్కేది 'డూప్లికేట్' ముద్ర, అంటే ఇది ఇదివరకే ఎవరో అడిగేశారని, ఆ పాత ప్రశ్న లింకుతో సహా. లింకు నొక్కితే జవాబు ఉంటుంది, చాంతాడంత. అందులో తనకు పనికొచ్చే ముక్క ఏదో తెలియకే కదా అడిగింది!

జవాబులు రాసేవాళ్లకు జీతం లేదు, అదే ప్రశ్న వందోసారి చూస్తే విసుగొస్తుంది. ప్రశ్న రేపు వెతుక్కుంటూ వచ్చేవాడికి కూడా పనికిరావాలన్నది వాళ్ల వాదన. 2023 జూన్‌లో మోడరేటర్లు, అంటే జీతం లేకుండా సైట్‌ను కనిపెట్టుకుని ఉండేవాళ్లు, సమ్మెకు దిగిందీ జవాబుల నాణ్యత కోసమే: ఏఐతో రాసినట్టు కనిపించే జవాబులను తీసేయకుండా కంపెనీ తమ చేతులు కట్టేసిందని.

ముఖ్యంగా కొత్తవాళ్లకు, మహిళలకు తమ సైట్ ఆదరంగా లేదని కంపెనీయే 2018 ఏప్రిల్‌లో ఒప్పుకుంది. ఆగస్టులో కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. పాయింట్ల తేడా మాత్రం అలాగే ఉంది. ప్రశ్న ఓటు మళ్లీ 10 అయింది 2019 నవంబర్‌లో. పాత ఓట్లకూ అదే లెక్క కట్టారు. ఎప్పుడో అడిగి, చీవాట్లు తిని వెళ్లిపోయినవాళ్ల ఖాతాల్లోనూ పాయింట్లు పెరిగే ఉంటాయి. చూసుకోవడానికి ఎందరు లాగిన్ అయ్యారో మరి.