మీగడ వెనుక మీథేన్

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మాంసం వల్ల భూమి వేడెక్కుతోందంటున్నారు కదా సార్, మేము గుడ్డు కూడా ముట్టం. మరి మాకు అందులో వాటా లేనట్టేనా?"

పెరుగు తింటున్నారు కాబట్టి ఉందమ్మా. తినేది శాకాహారమా, మాంసాహారమా అన్నదానికంటే అది ఏ పొట్టలోంచి వచ్చిందన్నది ముఖ్యం.

ఆవు మొదటి పొట్టను రుమెన్ అంటారు. వంద లీటర్లకు పైగా పట్టే ఆ సంచి అచ్చం గోబర్ గ్యాస్ ట్యాంకే. ఆక్సిజన్ లేని ఆ చోట బాక్టీరియా ఎండుగడ్డిలోని సెల్యులోజ్‌ను (పీచును) విరగ్గొట్టి ఎసిటేట్, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లం రూపం, చేస్తాయి. ఆ పనిలో హైడ్రోజన్ మిగిలిపోతుంది. అది పేరుకుంటే పులియడం కుంటుపడుతుంది. అందుకే ఆర్కియా అనే సూక్ష్మజీవులు నాలుగు హైడ్రోజన్ అణువులకు ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును జతచేసి మీథేన్ అనే గ్యాస్‌గా, నీళ్లుగా మార్చేస్తాయి. ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం త్రేన్పుల్లోనే బయటికొస్తుంది. వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. ఆవు ఆక్సిజన్ వదులుతుందని వాట్సాప్‌లో తిరిగే మాటను దయచేసి నమ్మకండి. బళ్లో కూడా ఆవు పొట్టలోని నాలుగు అరల పేర్లు బట్టీ పట్టిస్తారు గానీ ఈ హైడ్రోజన్ కథ చెప్పరు. నాకు అదే బాధ.

ట్యాంకుకీ రుమెన్‌కీ ఒక తేడా ఉంది. ట్యాంకులో పేడ నెలకు పైగా నానుతుంది, ఎసిటేట్ కూడా మీథేన్ అయిపోతుంది. రుమెన్‌లో మేత నిలిచేది ఒకటి రెండు రోజులే. ఎసిటేట్ తినే ఆర్కియా మెల్లగా పెరిగే రకం, పెరిగేలోపే మేతతోపాటు కొట్టుకుపోతాయి. అలా దక్కిన ఎసిటేట్‌ను ఆవు ఒంటికి పట్టించుకుంటుంది, పొదుగు దానితో వెన్న తయారుచేస్తుంది. చిత్తూరు పల్లెల్లో పాలు పోసి "ఫ్యాట్ ఎంతొచ్చింది?" అని అడుగుతారే, ఆ ఫ్యాట్‌లో దాదాపు సగం రుమెన్‌లో పులిసిన సరుకుతో తయారైనదే. మీగడా మీథేనూ ఒకే పులుపులో పుట్టాయి!

పెద్ద పెద్ద డెయిరీ ఫారాల్లో గింజల దాణా దట్టిస్తారు. అప్పుడు రుమెన్‌లో ఎసిటేట్‌కు బదులు ప్రొపియోనేట్ అనే మరో ఆమ్లం పెరుగుతుంది. అది తయారవడానికే హైడ్రోజన్ ఖర్చవుతుంది కాబట్టి మీథేన్ తగ్గుతుంది, ఫ్యాట్ కూడా పడిపోతుంది. కానీ ఆ మొక్కజొన్న, సోయాలకు పొలం, ఎరువులు కావాలి. గుంతల్లో నిలవబెట్టిన పేడ మళ్లీ మీథేన్ ఇస్తుంది.

కోడికి రుమెన్ లేదు, మేకకు ఉంది. అందుకే మీథేన్ వరకు చికెన్ చాలా నయం. కోడి భారం ఎక్కువగా దాణా పండే పొలం నుంచి, షెడ్డులో వాడే మందుల నుంచి వస్తుంది. మనుషులకు ఆఖరి అస్త్రంలా దాచుకునే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లు బరువెక్కడానికి వాడేవాళ్లు. 2019లో కేంద్రం నిషేధించింది, మంచి పని చేసింది.

మన రైతు రెండు ఆవులను అమ్ముకోనక్కర్లేదు. వరిగడ్డి మాత్రమే తిని మూడు లీటర్లిచ్చే ఆవు మేతలో ఎక్కువ భాగం తన ఒంటిని నిలబెట్టుకోవడానికే పోతుంది, మీథేనంతా ఆ మూడు లీటర్ల మీదే పడుతుంది. పచ్చిమేత, వేరుశనగ చెక్క, మినరల్ మిక్చర్ చేర్చితే పాలు పెరుగుతాయి, లీటరుకు పడే మీథేన్ తగ్గుతుంది.