ఆఫీసు, ఇల్లు, షాపింగ్ ఒకే చోట: మిక్స్‌డ్ యూజ్ డిజైన్‌లో అపోహలు - వాస్తవాలు

మిక్స్‌డ్ యూజ్ ప్రాజెక్టు గురించి మాట్లాడటానికి వచ్చేవాళ్లు ముందు ఎలివేషన్, అంటే బిల్డింగ్ బయటికి ఎలా కనిపిస్తుందో, చూపించమంటారు. నేను ముందు రెండు కాగితాలు తీస్తాను. ఒకటి సెక్షన్, అంటే బిల్డింగ్‌ను నిలువునా కోస్తే ఏ అంతస్తు మీద ఏముందో కనిపించే డ్రాయింగ్. రెండోది టైమ్‌టేబుల్: ఏ గంటలో ఎవరొస్తారు, ఎటు నుంచి వస్తారు, ఏం వాడతారు. ఇలాంటి కాంప్లెక్సు బాగుపడినా చెడినా ఈ రెండిట్లోనే. నాకు తరచూ ఎదురయ్యే అపోహలు కూడా వీటిని చూడకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ఇది విదేశాల నుంచి వచ్చిన ఐడియా.

కింద కొట్టు, పైన కాపురం మన బజారు వీధులకు కొత్తేమీ కాదు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌ను బాగుచేయడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు హయాంలో రూపుదిద్దుకున్న పత్తర్‌గట్టీలో కింద రాతి కమానుల వెనక దుకాణాలు, పైన నివాసాలు. కొత్తగా వచ్చినవి ఎత్తు, లిఫ్టులు, సెంట్రల్ ఏసీ, బేస్‌మెంట్లు. చిక్కులు కూడా వాటితోనే వచ్చాయి.

అపోహ: కింద మాల్, మధ్యలో ఆఫీసులు, పైన ఫ్లాట్లు పేర్చేస్తే సరిపోతుంది.

కార్ల దగ్గర మొదలుపెడదాం. ఒక కారుకు రెండున్నర మీటర్ల వెడల్పు కావాలి. మూడు కార్లు పట్టాలంటే, పిల్లర్ మందం కలుపుకుని, పిల్లర్‌కీ పిల్లర్‌కీ మధ్య 8.4 మీటర్ల దాకా వస్తుంది. ఆఫీసుకూ షాపుకూ ఆ దూరం బాగుంటుంది. కానీ బెడ్‌రూమ్ వెడల్పు మూడు, మూడున్నర మీటర్లే. ఫ్లాట్ గోడల్లో దాచిన పిల్లర్‌ను నేరుగా కిందికి దించితే బేస్‌మెంట్‌లో కార్లు తిరిగే దారి మధ్యకు వచ్చి నిలబడుతుంది. దాన్ని తప్పించడానికి మధ్యలో ఒక అంతస్తు నిండా మనిషెత్తు ట్రాన్స్‌ఫర్ బీములు, అంటే పై పిల్లర్ల బరువును పక్కనున్న కింది పిల్లర్ల మీదికి మళ్లించే దూలాలు, వేయాలి. ఫ్లాట్ల బాత్‌రూమ్ పైపులు షాపుల నెత్తిన దిగకుండా ఒక సర్వీస్ ఫ్లోర్ కూడా కావాలి. ఈ రెండిటి ఖర్చు బ్రోషర్‌లో కనిపించదు.

వెలుతురు సంగతి వేరే. ఆఫీసు ఫ్లోర్ ఎంత లోతుగా ఉన్నా లైట్లేసుకుని పనిచేస్తారు. ఇంట్లో ప్రతి గదికీ కిటికీ కావాలి. 1960ల చివర్లో షికాగోలో కట్టిన 100 అంతస్తుల జాన్ హాంకాక్ సెంటర్ పైకి పోయేకొద్దీ సన్నబడటానికి కారణం ఇదే. కింద విశాలమైన ఆఫీసులు, పైన కిటికీకి దగ్గరగా ఉండే ఇళ్లు. అడుగున సుమారు 50 × 80 మీటర్లున్న టవర్ పైన 30 × 50కి తగ్గుతుంది. ఇంజనీరు ఫజ్లూర్ ఖాన్ ఆ వాలునే గాలికి నిలబడే బలంగానూ వాడుకున్నారు. అది చూసి నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

నా మట్టుకు నేను, స్థలం మూడు నాలుగు ఎకరాలుంటే ఫ్లాట్ల టవర్‌ను పక్కన విడిగా పెట్టి దాని పిల్లర్లను దాని పునాదిలోకే దించేస్తాను. కలపాల్సింది నేల మీద, జనం నడిచే చోట.

అపోహ: పార్కింగ్ అంటే ఆఫీసుకెంత, షాపులకెంత, ఇళ్లకెంత అని కూడటమే.

ఒక ఊహా లెక్క చూడండి. ఆఫీసుకు 600 కార్లు, షాపులకు 400, ఫ్లాట్లకు 300. కూడితే 1,300. ఫ్లాట్ల స్లాట్లు ఎవరివి వాళ్లకు కేటాయించేస్తారు కాబట్టి ఆ 300 కదలవు. మిగతా వెయ్యిని గంటల వారీగా విడదీయండి. బుధవారం మధ్యాహ్నం ఆఫీసు నిండుగా 600, షాపులకు ఓ 160. ఆదివారం సాయంత్రం షాపులకు 400, ఆఫీసులో 60. అంటే ఏ పూటా 760 దాటదు. మిగిలిన 240 స్లాట్లకు, దారులతో కలిపి ఒక్కో కారుకు 30 చదరపు మీటర్లు వేసుకున్నా 7,200 చదరపు మీటర్లు. రెండెకరాల స్థలంలో దాదాపు ఒక బేస్‌మెంట్ మొత్తం. హైదరాబాద్ గ్రానైట్‌లో బేస్‌మెంట్ తవ్వించినవాళ్లకు ఆ ఖర్చేంటో నేను చెప్పక్కర్లేదు.

మన నిబంధనలు మాత్రం పార్కింగ్‌ను కట్టిన విస్తీర్ణంలో శాతంగా అడుగుతాయి. అది ఇవ్వాల్సిందే. దానిపైన "ఎందుకైనా మంచిది, ఇంకో బేస్‌మెంట్ వేద్దాం" అన్నప్పుడు ఈ లెక్క ముందు పెట్టండి.

అపోహ: ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు విస్తీర్ణం కట్టొచ్చన్న లెక్క) పరిమితి లేదు కదా, షాపులు ఎన్ని అంతస్తులైనా వేసుకోవచ్చు.

హైదరాబాద్‌లో ఆ పరిమితిని 2006లో తీసేసిన మాట నిజమే. రోడ్డు వెడల్పును బట్టి, సెట్‌బ్యాక్‌ను (బిల్డింగ్ చుట్టూ వదిలే ఖాళీని) బట్టి పైకి వెళ్లొచ్చు. కానీ రోడ్డు వైపు ఫ్రంటేజీ ఒక్క అంగుళం కూడా పెరగదు. షాపుకు ప్రాణం అదే. పైగా హైరైజ్ చుట్టూ ఫైరింజన్ తిరగడానికి కనీసం 7 మీటర్లు వదలాలి, అంటే షాపు ఫుట్‌పాత్‌కు దూరమైపోతుంది. ఆ ఖాళీలో బైకులు పెట్టనిచ్చి, పైగా నాలుగు మెట్లు ఎక్కిస్తే దారినపోయేవాళ్లు లోపలికి రారు. ఫ్లోర్‌ను ఫుట్‌పాత్ లెవెల్‌కు తెచ్చి, ఆ జాగాను నడిచేవాళ్లకు వదిలేయండి. రెండో అంతస్తు పైన నేనైతే క్లినిక్కులు, జిమ్ము, ట్యూషన్ సెంటర్లు పెడతాను. వాటికి వచ్చేవాళ్లు పని పెట్టుకునే వస్తారు.

అపోహ: ఇలాంటి చోట కాపురముంటే ప్రశాంతత ఉండదు.

డిజైన్ చెడితే ఉండదు, నిజమే. కానీ జనం భయపడే షాపింగ్ రద్దీ రాత్రికి సద్దుమణుగుతుంది. నిద్ర చెడగొట్టేది తెల్లవారుజామున ఐదింటికి సూపర్‌మార్కెట్ వెనక రివర్స్ తీసే లారీ. సరుకు దించే లోడింగ్ బే పైకప్పు కిందే ఉండాలి, బెడ్‌రూమ్ కిటికీ దాని వైపు ఉండకూడదు. ఫుడ్‌కోర్టు పొగగొట్టాన్ని పోడియం (టవర్ల అడుగున పరుచుకునే షాపుల భాగం) మీద వదిలేయకుండా పక్కనున్న టవర్ కప్పు దాటించాలి, లేకపోతే పైన బాల్కనీలో బట్టలు ఆరేసుకోలేరు. ఇళ్లవాళ్లకు లాబీ, లిఫ్టు, మెట్లు అన్నీ విడిగా ఉండాలి. అగ్నిప్రమాదం జరిగితే మాల్ పొగ ఇళ్ల మెట్లలోకి రాకూడదు, దీంట్లో నేను బేరమాడను.

అపోహ: అక్కడే ఇల్లు, అక్కడే ఉద్యోగం, ఇక ట్రాఫిక్ టెన్షన్ లేదు.

భార్యాభర్తలిద్దరికీ ఆ క్యాంపస్‌లోనే ఉద్యోగం ఉండటం అరుదు, ఉన్నా మారుతూ ఉంటుంది. ఇక్కడ ఇల్లున్నవాళ్లకు తగ్గేవి కూరగాయలకు, మందులకు, పిల్లల డ్యాన్స్ క్లాసుకు తీసే బండి ప్రయాణాలు. అవీ తక్కువేమీ కాదు. ఉద్యోగానికి మాత్రం మెట్రో, బస్సు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోండి.

అపోహ: అన్నీ కలిసుంటే మెయింటెనెన్స్ దానంతటదే తగ్గుతుంది.

తగ్గే వీలుంది. 300 ఫ్లాట్లలో ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు వేసుకుంటే 1.62 లక్షల లీటర్లు. అందులో దాదాపు 80 శాతం మురుగుగా వెనక్కి వస్తుంది, ఎక్కువగా ఉదయమూ సాయంత్రమూ. ఆఫీసు ఏసీ కూలింగ్ టవర్లకు నీళ్లు కావాల్సింది పగలు. శుద్ధి చేసి నిలవబెట్టే ట్యాంకు ఉంటే ఇళ్లు వాడిన నీళ్లు ఆఫీసును చల్లబరుస్తాయి, ఎండాకాలం ట్యాంకర్లు తగ్గుతాయి. ఆ పైపులైను మొదటి డ్రాయింగ్‌లోనే ఉండాలి, తర్వాత వేయడం నరకం.

కానీ ఆ ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు), జనరేటర్లు, ర్యాంపు ఎవరివన్నది కాగితం మీద తేలకపోతే మాల్ కరెంటు బిల్లులో వాటా ఫ్లాట్ల మీద పడుతుంది. కొనేవాళ్లు సేల్ అగ్రిమెంట్‌లో మూడు విషయాలు అడగండి: భూమిలో మీ అవిభాజ్య వాటా ఎంత, కామన్ మెషిన్లకు విడి మీటర్లు ఉన్నాయా, షాపుల ఓనర్లకూ మీకూ ఒకే అసోసియేషనా, వేర్వేరా.