చలికాలం ట్రెక్కింగ్: మన కొండలు, పాత క్వారీలు, కొన్ని అపోహలు

డిసెంబరు వచ్చిందంటే నాకు వచ్చే ఫోన్లలో మొదటి ప్రశ్న ఒకటే: "లంబసింగిలో మంచు పడుతోందా అండీ?" విశాఖ నుంచి బృందాలను కొండలకు తీసుకెళ్లడం నా పని కాబట్టి ఇలాంటివి ఏటా వింటూనే ఉంటాను. కొన్నింటికి నవ్వి ఊరుకోవచ్చు. కొండ దారుల్లో తగిలే పాత రాతి క్వారీల గురించి జనం నమ్మేవి మాత్రం ప్రాణాల మీదకు తెస్తాయి.

అపోహ: లంబసింగిలో కాశ్మీర్‌లో లాగా మంచు కురుస్తుంది.

కురవదు. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో మీరు చూసేది పొగమంచు. ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు పడిపోయిన కొన్ని తెల్లవారుజాముల్లో గడ్డి మీద, కార్ల టాపుల మీద తేమ తెల్లగా పేరుకుంటుంది. ఎండ తగిలితే అదీ పోతుంది. మంచు మీద నడవాలనే కోరిక గట్టిగా ఉంటే ఉత్తరాఖండ్‌లో 12,500 అడుగుల కేదార్‌కంఠ లాంటి చోటికి వెళ్లాలి. దానికి కావలసిన బూట్లు, బట్టలు, తయారీ అన్నీ వేరు.

అపోహ: పైకి వెళ్లేకొద్దీ చలి పెరుగుతుంది, కాబట్టి టెంట్ లోయలో వేసుకుంటే వెచ్చగా ఉంటుంది.

పగటి లెక్క అది. ఆకాశం తేటగా ఉండి గాలి ఆడని రాత్రి కథ తిరగబడుతుంది. నేల తన వేడిని వదిలేస్తుంది, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, వాలు వెంట జారి లోయలో నిలిచిపోతుంది. తేమ ఉంటే అక్కడే పొగమంచు కడుతుంది. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద నిలబడితే మేఘాలు మన కాళ్ల కింద కనిపించేది ఇందుకే. వాగు పక్కన టెంట్ వేసినవాళ్లు తెల్లారేసరికి తడిసి వణుకుతుంటారు, వాలు మధ్యలో చదునైన చోట పడుకున్నవాళ్లు హాయిగా లేస్తారు. ఫొటోలకు వాగు ఒడ్డే బాగుంటుంది, ఏం చేస్తాం!

ఇంకో మాట, జీన్స్ వద్దు. తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. ఒక్క మందపాటి జాకెట్ కన్నా మూడు పల్చటి పొరలు మేలు. ఎక్కుతున్నప్పుడు చెమట పట్టకముందే ఒకటి తీసేయాలి. మందు వేస్తే ఒళ్లు వెచ్చబడుతుందనేదీ భ్రమే. చర్మం వైపు రక్తం ఎక్కువగా పారడం వల్ల వెచ్చగా అనిపిస్తుందే గానీ లోపలి వేడి అప్పుడే తొందరగా బయటికి పోతుంది. దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండాలి.

అపోహ: పాత క్వారీలో పని ఆగిపోయింది, ఇక భయం లేదు.

నాకు నడుస్తున్న క్వారీ కన్నా వదిలేసిన క్వారీ అంటేనే ఎక్కువ టెన్షన్. నడుస్తున్న చోట బ్లాస్టింగ్‌కు ముందు హెచ్చరిస్తారు, కాపలా ఉంటుంది. మూసేసిన చోట చెప్పే మనిషే ఉండడు. విశాఖ చుట్టుపక్కల కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్ రాయి. ఖోండు గిరిజనుల పేరు మీదుగానే దానికి ఆ పేరు పెట్టారు. వానకు, ఎండకు అది ఎర్రగా మారి పొడిబారిపోతుంది. కోసిన గోడ పైనుంచి చూస్తే గట్టి బండలాగే ఉంటుంది. అంచున ఉన్నది మాత్రం పగుళ్లు తేలిన రాయి, దాని మీద వదులు మట్టి. సెల్ఫీ కోసం అంచుకు వెళ్లడమూ, గోడ కింద నీడలో కూర్చుని టిఫిన్ తినడమూ రెండూ ఒకే తప్పు. రాత్రి మంచుకు తడిసిన రాయి పొద్దున పూట మరీ జారుతుంది.

క్వారీ తవ్విన గుంటలో నీళ్లు పచ్చగా, అందంగా ఉంటాయి. చెరువులాగా ఒడ్డు నుంచి మెల్లగా లోతు పెరగదు, ఒక్క అడుగులో నిట్టనిలువుగా దిగిపోతుంది. పైన ఎండకు వెచ్చగా ఉన్న నీరు కింద ఒక్కసారిగా చల్లబడుతుంది. పైకి రావడానికి పట్టు దొరకదు. ఈత వచ్చినవాళ్లూ అందుకే మునుగుతారు. నా బృందంలో ఎవరూ అందులో కాలు పెట్టరు, ఎంత బతిమాలినా సరే. రాతిలో డ్రిల్ రంధ్రాలు, వైర్లు కనిపిస్తే ముట్టుకోకండి. పేలకుండా మిగిలిపోయిన పేలుడు మందు ఉండే అవకాశం ఉంది. దూరం జరిగి పోలీసులకు చెప్పండి.

అపోహ: సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచాను, ఇది నాకు లెక్కా?

ఓపిక ఉంది, సంతోషం. కానీ ప్రదక్షిణ రోడ్డు మీద. క్వారీ వాలులో కాలు పెట్టిన రాయి కదులుతుంది, పని చీలమండకు పడుతుంది. ముందు మెట్ల దారిలో, కంబాలకొండ బాటల్లో అలవాటు చేసుకుని రండి. కంబాలకొండ అభయారణ్యం, అటవీశాఖ అనుమతి ఉన్న దారులు దాటకండి.

అపోహ: పాతికమంది ఉంటే భయమేముంది?

పాతికమంది ఉంటే ఎవరికి వారు "వేరేవాళ్లు చూసుకుంటార్లే" అనుకుంటారు. పొగమంచులో కొద్ది అడుగుల దూరంలో ఉన్న మనిషి కూడా కనపడకపోవచ్చు. దారి తెలిసిన ఒకరు ముందు, ఒకరు చివర ఉండాలి. అందరికన్నా మెల్లగా నడిచేవారి వేగమే బృందం వేగం. దారి చీలిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టాలి.

అపోహ: చలికాలం పాములు బయటికి రావు.

వస్తాయి, అదీ పగటిపూట. రక్తపింజర ఎండ కాచుకోవడానికి రాళ్ల మీదకు, బాట పక్కకు చేరుతుంది. క్వారీలో రాళ్ల కుప్ప మీద చూడకుండా చెయ్యి వేయకండి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కాలు కదపకుండా మోసుకెళ్లి, 108కి ఫోన్ చేసి, యాంటీ వెనమ్ ఉన్న దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో బయల్దేరే ముందే డ్రైవర్‌నో, ఆ ఊరివాళ్లనో అడిగి ఉంచుకోండి.