తెరపై తెలుగు, ఫైల్లో ఇంగ్లిష్: డీటీపీ కాలం పుస్తకాలు కంప్యూటర్‌కు ఎందుకు అందవు

2000 ప్రాంతంలో డీటీపీ చేసిన తెలుగు పుస్తకం పీడీఎఫ్ ఒకటి తెరిచి చూడండి. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. డాలర్ గుర్తులు, ఈక్వల్ టు గుర్తులు, నెత్తిన చుక్కలున్న యూరప్ అక్షరాలు, మధ్యమధ్య లెక్కల పుస్తకంలో కనిపించే అనంతం గుర్తు వస్తాయి. తెలుగు ముక్క ఒక్కటి ఉండదు. అదే పీడీఎఫ్‌లో 'రైతు' అని వెతికితే, పేజీ నిండా రైతులే ఉన్నా, ఎక్కడా లేదనే జవాబు వస్తుంది.

ఇన్నాళ్లూ ఇది పాఠకుడి చిరాకు. ఇప్పుడు పెద్ద పనులకే అడ్డం పడుతోంది. 2022 జులైలో కేంద్ర ప్రభుత్వం భారతీయ భాషల అనువాదం కోసం భాషిణి అనే వేదికను ప్రారంభించింది. మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం అనువాద నమూనాలను ఎవరైనా వాడుకునేలా బయటపెడుతోంది. ఇలాంటి ప్రతి పనికీ ముడిసరుకు కంప్యూటర్ చదవగల తెలుగే. 2011 జనాభా లెక్కల్లో 8.11 కోట్ల మంది మాతృభాషగా చెప్పుకున్న భాష ఇది. దినపత్రికలు, వారపత్రికలు, నవలలు, పోటీ పరీక్షల గైడ్లు, కరపత్రాలు... అచ్చుకు మనకు ఏనాడూ కరువు లేదు. 1990ల నుంచి అందులో చాలా భాగం కంప్యూటర్ మీదే కంపోజ్ అయింది కూడా. కంప్యూటర్‌లో పుట్టిన రాత కంప్యూటర్‌కే అర్థం కాకపోవడం ఏమిటి?

ఆ రోజుల్లో కంప్యూటర్‌కు తెలుగు రాదు. ఫాంటు అంటే 256 గదుల పెట్టె. అందులోనూ కొన్ని గదులు ముట్టుకోకూడనివి. మనకేమో అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిపితే రూపాలు వేలల్లోకి వెళ్తాయి. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గదిలో, కొమ్ము ఒక గదిలో, ఒత్తులు మరికొన్ని గదుల్లో. సీసపు అక్షరాలు కూర్చిన పాత కంపోజిటర్లకు ఇది కొత్త విద్య కాదు. వాళ్ల గళ్లపెట్టెలోనూ ముక్కలే ఉండేవి. ఆ గళ్లపెట్టెనే ఫాంటులోకి ఎక్కించారన్నమాట.

ఇంగ్లిష్ 'క్యూ' ఉండాల్సిన గదిలో గ ఆకారం పెట్టారనుకోండి. ఆపరేటర్ ఆ మీట నొక్కితే తెరమీద గ పడుతుంది. ఫైల్లో పడేది మాత్రం క్యూ. ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని ఫాంట్లలో వ ఆకారానికి కొమ్ము తగిలిస్తే మ అవుతుంది. అదే కొమ్ము గ పక్కన పెడితే గు. చేత్తో రాసేటప్పుడు మనం చేసేదీ దాదాపు అదే కాబట్టి చూసే కంటికి తేడా లేదు. కానీ ఆ ఫైలును తర్వాత ఎవరైనా అసలు తెలుగులోకి మార్చాలంటే, ఆ గుర్తు ఎక్కడ ఉకారమో ఎక్కడ మ తోకో విడివిడిగా తెలుసుకోవాలి.

పైగా ఏ ముక్క ఏ గదిలో ఉండాలో అందరికీ కలిపి ఒక నియమం లేదు. అను ఫాంట్లది ఒక అమరిక, శ్రీలిపిది ఇంకొకటి, పెద్ద పత్రికలు సొంతానికి చేయించుకున్నవి మరికొన్ని. ఒకరి ఫైలు ఇంకొకరి దగ్గర తెరుచుకోదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు డాంగిల్‌తో వచ్చేవి, అది కంప్యూటర్ వెనక గుచ్చితే తప్ప పనిచేసేవి కావు. ఇలాంటి ఫైల్లో వెతకడం కుదరదు, అకారాది క్రమంలో పేర్చడం కుదరదు, స్పెల్లింగ్ సరిచూడడం కుదరదు. చూపు లేనివాళ్లకు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా ఆ డాలర్లూ బ్రాకెట్లే వినిపిస్తుంది.

దీన్ని ఇప్పుడు కూర్చుని తప్పుపట్టడం తేలిక. కానీ ఆ ఉపాయమే లేకపోతే ఊరూరా డీటీపీ సెంటర్లు వచ్చేవి కావు. అప్పటి కస్టమర్‌కు కావలసింది సాయంత్రానికల్లా శుభలేఖ. పాతికేళ్ల తర్వాత ఎవరో వచ్చి అందులో పేర్లు వెతుకుతారని ఆపరేటర్ ఎందుకు అనుకుంటాడు?

విచిత్రం ఏమిటంటే, సరైన దారి కూడా దాదాపు అదే కాలంలో ఉంది. కాన్పూర్ ఐఐటీలో మొదలై, తర్వాత పుణెలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్‌లో సాగిన జిస్ట్ పరిశోధన ఇస్కీ అనే కోడ్‌ను తయారుచేసింది. 1991లో భారత ప్రమాణాల సంస్థ దాన్ని ఐఎస్ 13194 పేరుతో ప్రమాణంగా ప్రకటించింది. దాని సూత్రం చాలా సాదా. ఫైల్లో దాచాల్సింది అక్షరం ఏమిటన్నదే, అది ఎలా కనిపించాలన్నది తర్వాతి సంగతి. క్ష దాచాలంటే క, పొల్లు, ష దాచితే చాలు, బొమ్మ సంగతి సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. కానీ డీటీపీ సెంటర్లో బండి నడిచేది పేజీలు కట్టే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ మీద. ఇస్కీ ఆ పేజ్‌మేకర్‌లో ఇమడలేదు. అందమైన అక్షరం ముందు సరైన అక్షరం మార్కెట్‌లో ఓడిపోయింది.

అదే 1991లో, ప్రపంచ లిపులన్నిటికీ కలిపి ఒకే అంకెల పట్టిక కట్టే యూనికోడ్ తొలి వెర్షన్ వచ్చింది. భారతీయ లిపుల వరుసను అది ఇస్కీ 1988 రూపం నుంచే తీసుకుంది. ఇస్కీలో అన్ని భాషల క కీ ఒకటే అంకె. యూనికోడ్ ప్రతి లిపికీ 128 గదుల సొంత వాటా ఇచ్చింది, లోపలి వరుస మాత్రం కదపలేదు. అందుకే దేవనాగరి క కీ తెలుగు క కీ మధ్య సరిగ్గా 768 అంకెల దూరం. గ తీసుకున్నా, మ తీసుకున్నా అదే 768.

కాగితం మీద గదులు కేటాయించినంత మాత్రాన తెరమీద తెలుగు రాదు. మామూలు వాడకందారుడి విండోస్‌లోకి యూనికోడ్ తెలుగు గౌతమి ఫాంటుతో రావడానికి 2001 దాకా, అంటే ఎక్స్‌పీ దాకా ఆగాల్సి వచ్చింది. సరిగ్గా ఆ పదేళ్లలోనే ముక్కల ఫాంట్లు ప్రెస్సుల్లో స్థిరపడిపోయాయి.

ఆ మధ్యకాలంలోనూ, ఆ తర్వాతా పని చేసింది ఎక్కువగా జీతం తీసుకోకుండా ప్రోగ్రాములు రాసినవాళ్లే. నన్నడిగితే ఈ కథలో అసలు భాగం ఇదే. అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో చదువుకుంటున్న కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ 1990ల తొలినాళ్లలో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. చిన్న 'ఎన్' కొడితే న, పెద్ద 'ఎన్' కొడితే ణ. చిన్న 'ఎల్' కొడితే ల, పెద్దదైతే ళ. యూజ్‌నెట్ అనే అప్పటి ఇంటర్నెట్ చర్చావేదికలో తెలుగువాళ్ల చర్చలు ఈ పద్ధతిలోనే సాగాయి. ఆర్‌టీఎస్ అని పిలిచే ఆ పద్ధతి ఇప్పటికీ చాలామంది వేళ్లలో ఉంది. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. తెలుగు బ్లాగులు మొదలైన రోజుల్లో కొత్తగా వచ్చినవాళ్లకు అందరూ ముందు చెప్పే మాట 'పోతన దింపుకోండి' అనే.

వెన్న నాగార్జున పద్మ రాశారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం అది. అప్పట్లో ఈనాడు, వార్త లాంటి పత్రికల సైట్లు సొంత ఫాంట్లలో ఉండేవి. పద్మ ఉంటే ఆ పేజీ తెరుచుకుంటూనే లోపలి ముక్కలన్నీ యూనికోడ్ తెలుగుగా మారిపోయేవి. ఏ ముక్క ఏ అక్షరమో ఫాంటు వారీగా పట్టికలు కట్టి, ఆ కోడ్‌ను అందరికీ తెరిచి పెట్టారు. ముక్కల ఫాంటుకు తాళంచెవి లాంటిది ఆ పట్టికే. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిందీ ఆయనే. తర్వాత వీవెన్ చేసిన లేఖిని వచ్చింది. ఏ ఇన్‌స్టలేషనూ లేకుండా బ్రౌజర్‌లోనే ఆర్‌టీఎస్ పద్ధతిలో కొట్టి, కాపీ చేసుకుని పోవచ్చు. దానికి ఆధారం పద్మ కోడే. ఒకరు రాసిన కోడ్ బయట ఉండబట్టి ఇంకొకరు మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేకపోయింది.

ఇక అక్షరాన్ని తెరమీద గీసే పని. పొల్లు తర్వాత ఏది ఒత్తు కావాలి, తలకట్టు ఎక్కడ పోవాలి అని లెక్కలు వేసే ఇంజిన్ ఒకటి కావాలి. ఒకప్పుడు లినక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌కు ఒక ఇంజిన్, కేడీఈ అనే మరో డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు ఇంకొకటి. ఒకచోట బాగున్న మాట మరోచోట విరిగిపోయేది. ఈ గందరగోళాన్ని తీర్చింది బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ అనే ఇరానియన్ ప్రోగ్రామర్ ముందుండి నడిపిన హార్ఫ్‌బజ్. పేరు పర్షియన్. ఓపెన్‌టైప్ అనే మాటను ఆ భాషలోకి మార్చి పెట్టుకున్నారు. 'హర్ఫ్' అంటే అక్షరమని హైదరాబాద్ ఉర్దూ వచ్చినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇవాళ ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ అక్షరాలు కూర్చుకునేది దీనితోనే.

ఆండ్రాయిడ్ తొలి ఫోన్లలో తెలుగంటే డబ్బాలే. అప్పట్లో ఒపేరా మినీలో ఒక చిట్కా ఉండేది. సెట్టింగ్స్ పేజీలో ఒక ఆప్షన్ మారిస్తే, ఇలాంటి లిపుల అక్షరాలను సర్వర్ దగ్గరే బొమ్మలుగా చేసి ఫోన్‌కు పంపేది. మళ్లీ బొమ్మలే! తెలుగు బ్లాగు ఫోన్లో కనబడిందని మురిసిపోయిన రోజులవి.

కూర్చే ఇంజిన్‌లో పొరపాటు జరిగితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. జ్ఞా అనే తెలుగు అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక విడదీత గుర్తుతో కలిపి మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్ కూలిపోయేది. తప్పు ఆపిల్ సొంత ఇంజిన్‌లో ఉంది, 19వ తేదీన 11.2.6 అప్‌డేట్‌తో సరిదిద్దారు. వార్తల్లో మాత్రం 'ఫోన్‌ను చంపే తెలుగు అక్షరం' అనే మిగిలింది. ఆ కనబడని గుర్తునే మనం సాఫ్ట్‌వేర్ అనే మాటలో వ, ట కింద ఒత్తుగా దిగిపోకుండా ఆపడానికి రోజూ వాడుతుంటాం.

ఫాంట్ల కరువూ తీరింది. రెడ్‌హ్యాట్ లోహిత్, గూగుల్ నోటో ఇచ్చాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, ధూర్జటి లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. పాత రాతప్రతుల్లోని నకారపొల్లుకు కూడా 2021లో వచ్చిన యూనికోడ్ 14లో సొంత గది దొరికింది.

మరి ప్రెస్సులు ఇంకా ఎందుకు మారలేదు? మొన్నమొన్నటి దాకా పేజీ కట్టే సాఫ్ట్‌వేరే లేదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు చివరిదాకా రాలేదు. దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌కు భారతీయ భాషలు 2012 నాటి సీఎస్6తో వచ్చాయి, కానీ చిన్న ప్రెస్సుకు అది ఖరీదైన బేరం. ఓపెన్ సోర్స్‌లో పేజీలు కట్టే స్క్రైబస్ చాలా ఏళ్లు తెలుగును విరగ్గొట్టేది. హార్ఫ్‌బజ్‌ను కలుపుకున్న స్థిరమైన వెర్షన్ 1.6 వచ్చేసరికి 2024 జనవరి అయింది. వర్డ్ లాంటి పనులు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ అయితే 2017లోనే 5.3తో పూర్తిగా హార్ఫ్‌బజ్‌కు మారింది.

రెండో కారణం వేళ్లు. అనులో యాపిల్ అని పిలిచే మీటల అమరిక మీద ఇరవై ఏళ్లుగా కొడుతున్న ఆపరేటర్ చూడకుండా పేజీలు పేజీలు లాగేస్తాడు. ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక నేర్చుకోమంటే అతని రోజు సంపాదన సగానికి పడుతుంది. ఆ నష్టం ఎవరు భరిస్తారు? పాత యాపిల్ అమరికతోనే యూనికోడ్ కొట్టించే కీబోర్డులు ఉన్నాయి. కానీ వాటితోపాటు పాత డిజైన్లు, పాత ఫాంట్ల సోకు, పాత ఫొటోషాప్ అన్నీ మార్చుకోవాలి.

వెనకబడిన సరుకు సంగతి ఇంకా చిక్కు. 1920ల్లో సీసపు అక్షరాలతో అచ్చయిన పుస్తకాన్ని స్కాన్ చేసి, బొమ్మలోంచి అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్‌తో చదివిస్తున్నాం. 1998లో కంప్యూటర్‌లో కంపోజ్ అయిన పుస్తకాన్నీ చాలాసార్లు అలాగే చేయాల్సి వస్తోంది. టెస్సరాక్ట్ అనే ఓసీఆర్ 1980ల్లో హెచ్‌పీ సంస్థలో పుట్టి, 2005లో ఓపెన్ సోర్స్ అయింది. 2018లో నాలుగో వెర్షన్ నుంచి న్యూరల్ నెట్‌వర్క్‌తో చదువుతోంది, తెలుగు బాగానే పడుతుంది. అయినా ఒత్తుల దగ్గర, ప కీ వ కీ మధ్య, ఘ కీ ఝ కీ మధ్య పొరపాట్లు తప్పవు. మనిషి కూర్చుని దిద్దాల్సిందే. వికీపీడియాకు తోబుట్టువైన ఉచిత పుస్తకాల సైటు వికీసోర్స్‌లో వాలంటీర్లు చేస్తున్నది ఈ పనే.

పేజ్‌మేకర్ ఫైలు గానీ, ఫాంటు లోపలే ఉన్న పీడీఎఫ్ గానీ దొరికితే కథ వేరు. అందులో అక్షరం మసకబారదు, కోడ్ కచ్చితంగా ఉంటుంది. ఏ ఫాంటో తెలిసి, దాని పట్టిక ఉంటే పుస్తకమంతా నిమిషాల్లో యూనికోడ్‌లోకి వస్తుంది. ఓసీఆర్‌లో లాగా ప, వ అని తడుముకునే పని లేదు. పాత ఫైళ్లు ఉన్న సీడీలు ఇంకా కొందరు రచయితల బీరువాల్లో, మూతపడ్డ డీటీపీ సెంటర్ల అటకల మీద ఉన్నాయి. రాసుకునే సీడీ మీద రసాయన పూత ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. దాన్ని చదివే డ్రైవు కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎలాగూ రావడం లేదు.