క్లిక్కులు పెరిగితే సెర్చ్ బాగున్నట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా ఆఫీసు. రొయ్యల రైతులకు, డీలర్లకు మేత, మినరల్స్, ప్రోబయాటిక్స్, ఏరేటర్ల సామాను అమ్మే యాప్ మాది. అందులో సెర్చ్ ఎంత బాగా పనిచేస్తోందో కొలవడం నా ఉద్యోగం. ఇందుకూరుపేటలో ఆక్వా మందుల షాపు నడిపే మా మేనమామకు ఈ సంగతి చెబితే నవ్వాడు. "దాన్ని కొలిచేదేందిరా అబ్బయ్యా? అడిగింది ఉంటే కొంటారు, లేకుంటే పక్క షాపుకు పోతారు. దీనికి నీకు జీతం కూడానా?"

మామ అన్నదాంట్లో తప్పేం లేదు. కాకపోతే ఆయనకు కౌంటర్ అవతల మనిషి మొహం కనిపిస్తుంది. రైతు "ఇది కాదన్నా" అని తల అడ్డంగా ఊపితే వెంటనే ఇంకో డబ్బా తీస్తాడు. మాకు ఆ మొహం కనిపించదు. ఏ మాట కొట్టాడు, దేని మీద నొక్కాడు, ఎప్పుడు వెళ్లిపోయాడు, మా దగ్గర ఉండేది ఇంతే. దీన్నిబట్టి మొహం ఊహించుకోవాలి. అలా ఊహించుకోబోయి నేను చేసిన తప్పులు, మీటింగుల్లో వినీ వినీ విసిగిపోయిన మాటలు కలిపి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: క్లిక్కులు పెరిగాయంటే సెర్చ్ బాగుపడినట్టే.

వాస్తవం: మా లిస్టులో మొదట్లో సరుకు పేరు, బొమ్మ మాత్రమే ఉండేవి. అయిదు కిలోల సంచా, పది కిలోలదా, రేటెంత అని తెలియాలంటే లోపలికి వెళ్లి చూడాల్సిందే. క్లిక్కులు దండిగా వచ్చేవి, మేమూ మురిసిపోయేవాళ్లం. తర్వాత ప్యాకింగు, రేటు లిస్టులోనే పెట్టాం. వారం తిరక్కుండానే క్లిక్కులు పడిపోయాయి. మేనేజర్‌కు ఒకటే టెన్షన్. ఆర్డర్లు చూస్తే మాత్రం తగ్గలేదు. అంతకుముందు వచ్చిన క్లిక్కుల్లో చాలావరకు రేటు కోసం తలుపు తెరిచి చూసి మూసినవే. రేటు కనుక్కోవడానికే వెతికే డీలర్లు ఇప్పుడు ఏదీ నొక్కకుండానే పని చూసుకుని వెళ్లిపోతున్నారు. మా రంగంలో దీన్ని 'గుడ్ అబాండన్‌మెంట్' అంటారు. నొక్కకుండా పోయిన ప్రతివాడూ కోపంతో పోయినవాడేం కాదు.

ఇంకో చిక్కు ఉంది. జనం పైన ఉన్నదాన్ని పైన ఉందనే నొక్కుతారు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు, చూపు తెర మీద ఎటెటు తిరుగుతోందో గమనిస్తూ ఒక ప్రయోగం చేసి 2005లో ప్రచురించారు. గూగుల్ ఇచ్చిన మొదటి రెండు ఫలితాలను అటూ ఇటూ మార్చి చూపించినా జనం మొదటి స్థానంలో ఉన్నదానివైపే మొగ్గారు. మా దగ్గరా ఇదే జరిగింది. 'ఆక్సిజన్' అని కొడితే నీళ్లలో ఆక్సిజన్ కొలిచే డీఓ మీటర్ మొదట వచ్చేది. రైతుకు కావాల్సింది గుంటలో చల్లే ఆక్సిజన్ టాబ్లెట్లు. మీటర్‌కు మాత్రం బోలెడన్ని క్లిక్కులు. ఆ క్లిక్కులు చూసి సిస్టమ్ దాన్ని పైనే ఉంచేది, పైన ఉంది కాబట్టి మళ్లీ క్లిక్కులు. కుక్క తన తోకను తాను తరుముకున్నట్టు.

ఇప్పుడు నేను క్లిక్కు ఒక్కటే చూడను, ఆ తర్వాత ఏం జరిగిందో చూస్తాను. నొక్కి, నాలుగైదు సెకన్లలో వెనక్కి వచ్చి, మాట మార్చి మళ్లీ వెతికాడంటే అది 'ఇది కాదన్నా' అన్నట్టే. మామ షాపులో తల ఊపడానికి నాకు దొరికిన దగ్గరి పోలిక అదొక్కటే.

అపోహ: 'ఫలితాలు లేవు' అన్న పేజీ రాకుండా చేస్తే సమస్య తీరినట్టే.

వాస్తవం: ఈ తప్పు నేను స్వయంగా చేశాను. సిగ్గుపడే సంగతే అయినా వివరంగా చెప్పాలి.

ఒకప్పుడు ఫలితాలు రాని సెర్చ్‌ల శాతం ఎక్కువగా ఉందని, దాన్ని దించడం నాకు టార్గెట్‌గా పెట్టారు. సులువైన దారి ఒకటుంది. స్పెల్లింగు కొంచెం తేడా వచ్చినా సరిపెట్టుకోమని ఇంజిన్‌కు చెప్పడం. ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు కలపాలి, తీయాలి, మార్చాలి అని లెక్కేసే పద్ధతి ఇది. 1965లో రష్యా శాస్త్రవేత్త లెవెన్‌స్టైన్ ప్రతిపాదించాడు. మేము వాడే ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్‌లో దీన్ని 'ఆటో' మీద పెడితే, రెండక్షరాల దాకా ఉన్న మాట ఉన్నదున్నట్టు కలవాలి, మూడు నుంచి అయిదు అక్షరాల మాటకు ఒక తేడా ఒప్పుకుంటుంది, అంతకంటే పెద్ద మాటకు రెండు. పెట్టాను. ఫలితాలు రాని సెర్చ్‌లు దాదాపు మాయమయ్యాయి. శభాష్ అన్నారు.

నెల రోజుల తర్వాత మామ షాపులో కూర్చుని ఉన్నాను. ఒక రైతు మా యాప్ తెరిచి ఇంగ్లిషు అక్షరాల్లో 'సీడ్' అని కొట్టాడు. సీడ్ అంటే గుంటలో వదిలే రొయ్య పిల్ల. తెర నిండా మేత సంచులు వచ్చాయి. ఇంగ్లిషులో 'సీడ్'కూ 'ఫీడ్'కూ తేడా మొదటి అక్షరం ఒక్కటే కదా, ఇంజిన్ దృష్టిలో రెండూ అన్నదమ్ములే. ఆ రైతు కిందికీ పైకీ రెండుసార్లు జరిపి, "వీళ్లకు పిల్లకూ మేతకూ తేడా తెలియదన్నా" అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. నేనెవరో ఆయనకు తెలియదు. మామ నావైపు చూసి ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

మేం సీడ్ అమ్మం. ఆ సెర్చ్‌కు ఖాళీ పేజీ రావడమే న్యాయం. ఖాళీ పేజీని మూసేసి, జనం సీడ్ అడుగుతున్నారన్న కబురు కూడా నాకు నేనే అందకుండా చేసుకున్నాను. మామ కౌంటర్ కింద ఒక పాత నోటుబుక్కు ఉంటుంది. ఎవరైనా అడిగి, తన దగ్గర లేనివి అందులో రాసుకుంటాడు. నెలాఖరున డిస్ట్రిబ్యూటర్ వచ్చినప్పుడు అది తీస్తాడు. ఫలితాలు రాని సెర్చ్‌ల చిట్టా సరిగ్గా ఆ నోటుబుక్కే.

ఇప్పుడు ఖాళీ వచ్చిన సెర్చ్‌లను రెండు కుప్పలు పోస్తాం. సరుకు ఉండీ మాట కలవనివి ఒకటి, సరుకే లేనివి ఒకటి. మొదటిది నా తప్పు, రెండోది కొనుగోలు టీముకు పంపాల్సిన సమాచారం. సీడ్ అని కొడితే 'సీడ్ మా దగ్గర లేదు' అని నేరుగా చెబుతున్నాం. శాతం మళ్లీ పెరిగింది. ఈసారి ఎవరూ శభాష్ అనలేదు.

అపోహ: సెర్చ్‌కు మార్కులేయడం పెద్ద కంపెనీల పని, వేల కొద్దీ తీర్పులు కావాలి.

వాస్తవం: ఈ పద్ధతి మొదలైందే చిన్నగా. ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్‌డన్ అనే లైబ్రేరియన్ 1960లలో విమాన శాస్త్రానికి సంబంధించిన 1,400 పత్రాలు, 225 ప్రశ్నలు తీసుకుని, ఏ ప్రశ్నకు ఏ పత్రం పనికొస్తుందో మనుషుల చేత గుర్తు పెట్టించాడు. అమెరికాలో 1992 నుంచి నడుస్తున్న, సెర్చ్ పద్ధతులను పోల్చే ట్రెక్ పోటీల్లో కూడా ఒక విభాగానికి ఏడాదికి 50 ప్రశ్నలు పెట్టడం మామూలు. మనకూ 50 చాలు. ఒక ఎక్సెల్ షీటు, ఒక మధ్యాహ్నం, సరుకు తెలిసిన ఇద్దరు మనుషులు.

ఆ యాభైని ఎంచడంలోనే ఉంది కిటుకు. ఎక్కువమంది కొట్టే మాటలే తీసుకుంటే 'మేత', 'ప్రోబయాటిక్' లాంటివి వస్తాయి. అవి ఎలాగూ బాగానే ఉంటాయి. 'లూజ్ షెల్', 'వైట్ గట్' అనే రొయ్యల జబ్బుల పేర్లు, 'ఏరేటర్ గేర్‌బాక్స్ ఆయిల్' లాంటివి రోజుకు ఒకరిద్దరే కొడతారు, కానీ అలాంటి ఒకరిద్దర్ని కూడితే పెద్ద గుంపే అవుతుంది. సగం పైనుంచి, సగం అడుగునుంచి తీయండి.

తీర్పులిచ్చే ఇద్దరూ ఒకే మాట చెబుతారనుకోకండి. 'వైబ్రియో' (రొయ్యలకు రోగం తెచ్చే బ్యాక్టీరియా) అన్న సెర్చ్‌కు మా టెక్నీషియన్ ప్రోబయాటిక్‌కు మూడు మార్కులిచ్చాడు, మామ అయోడిన్ శానిటైజర్‌కు ఇచ్చాడు. అరగంట వాదించుకున్నారు. ఇద్దరిదీ నిజమే, మంచి బ్యాక్టీరియాను పెంచి అదుపు చేయాలని ఒకరు, ముందు ఉన్నదాన్ని చంపాలని ఇంకొకరు. అలాంటప్పుడు తెర మీద రెండూ పైన ఉండాలి, అదే ఆ వాదన వల్ల మాకు తెలిసింది. తీర్పులు కలిసిన శాతం చూసి మోసపోవడం కూడా ఉంటుంది. ఇద్దరూ నూటికి తొంభై ఫలితాలకు 'బాగుంది' అని కొట్టేసే రకమైతే, కళ్లు మూసుకుని కొట్టినా 82 చోట్ల కలుస్తాయి. ఇక 85 చోట్ల కలిశాయని సంబరపడేదేముంది? ఈ గాలివాటం కలయికను తీసేసి లెక్కకట్టడానికే 1960లో జేకబ్ కోహెన్ 'కప్పా' అనే కొలత ఇచ్చాడు. ఈ ఉదాహరణలో అది 0.17 దగ్గర తేలుతుంది. అంటే దాదాపు ఏమీ లేనట్టే.

అపోహ: ఎన్‌డీసీజీ 0.8 దాటితే నిశ్చింత.

వాస్తవం: ఫిన్లాండ్ పరిశోధకులు యార్వెలిన్, కెకలైనెన్ 2002లో వివరంగా రాసిన కొలత ఇది, ఫలితాల వరుస ఎంత సరిగ్గా ఉందో చెబుతుంది. మంచి కొలతే, నేను వారం వారం వాడతాను. పై స్థానానికి ఎక్కువ విలువ, కిందికి పోయేకొద్దీ తక్కువ. మొదటి స్థానానికి 1, రెండోదానికి 0.63, మూడోదానికి 0.5. మార్కులను వీటితో గుణించి కూడి, అన్నీ సరైన వరుసలో ఉంటే వచ్చే మొత్తంతో భాగిస్తారు. 'మినరల్స్' అన్న సెర్చ్‌కు 1, 3, 2 మార్కుల సరుకులు ఆ వరుసలో వచ్చాయనుకోండి. 1 + 1.89 + 1, మొత్తం 3.89. సరైన వరుస 3, 2, 1 అయితే 4.76. భాగిస్తే 0.82. పరీక్షలో 82 వచ్చినట్టు వినిపిస్తుంది. కానీ ఎండలో గట్టు మీద నిలబడి ఫోను చూసే రైతుకు మొదట కనిపించింది ఒక మార్కు సరుకు.

పైగా మీటింగులో చూపించేది యాభై సెర్చ్‌ల సగటు. నలభై ఎనిమిది బ్రహ్మాండంగా ఉండి రెండు పూర్తిగా చెడినా సగటు చెక్కు చెదరదు. సగటు కంటే ముందు అడుగున ఉన్న అయిదింటిని తెర మీద వేయండి. మీటింగు రంగు మారిపోతుంది.

అపోహ: తెలుగులో వెతికేవాళ్లు లేరు, లాగ్‌లు (సెర్చ్‌ల చిట్టాలు) చూడండి.

వాస్తవం: నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. తెలుగులో వెతికి ఒకసారి దెబ్బతిన్నవాడు రెండోసారి వెతకడు. లాగ్‌లో ఉండేది మిగిలినవాళ్లే.

పైగా ఉన్నవాళ్లు కూడా లెక్కకు దొరకరు. 'మేత' అన్న రెండక్షరాల మాటను ఇంగ్లిషు అక్షరాల్లో ఒకరు 'టీ' పక్కన 'హెచ్' పెట్టి కొడతారు, ఒకరు పెట్టరు, ఇంకొకరు 'ఈ' రెండుసార్లు కొడతారు. డ్యాష్‌బోర్డులో ఇవి మూడు వేరే మాటలు, మూడూ అడుగున. ఒకటిగా కూడితే మొదటి పేజీలో ఉండాల్సిన మాట. తెలుగు లిపిలో కొట్టినా గండమే. పొల్లు పక్కన వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా కొన్ని కీబోర్డులు కంటికి కనబడని ఒక గుర్తు పెడతాయి. రెండు ఫోన్లలో కొట్టిన 'మినరల్' అన్న మాట చూపుకు ఒకేలా ఉంటుంది, కంప్యూటర్‌కు మాత్రం కలవదు. ఆ గుర్తును తీసేయడానికి కోడ్‌లో ఒక్క లైను చాలింది. అది కారణమని కనుక్కోవడానికి మూడు వారాలు పట్టింది.

అపోహ: ఏ/బీ టెస్టు పెడితే నిజం తేలిపోతుంది.

వాస్తవం: జనాన్ని రెండు గుంపులు చేసి, ఒకదానికి పాత సెర్చ్, ఇంకోదానికి కొత్తది చూపించి పోల్చడమే ఏ/బీ టెస్టు. నిజం తేలుతుంది, జనం ఉంటే. వెతికిన వందమందిలో పదిమంది కొంటున్నారు, మీ మార్పుతో అది పదకొండు అయిందని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో గుంపుకు సుమారు 15 వేల మంది కావాలి. మాలాంటి యాప్‌కు అంతమంది పోగయ్యేలోగా సీజనే మారిపోతుంది. సీడ్ వదిలే రోజుల్లో వెతికేవి వేరు, రొయ్యల పట్టుబడికి ముందు వెతికేవి వేరు. అందుకే మేం పాత, కొత్త సెర్చ్ పద్ధతులు రెండింటి ఫలితాలను ఒకే లిస్టులో కలిపి చూపిస్తాం. ఊళ్లో కబడ్డీకి ఇద్దరు కెప్టెన్లు ఒకరి తర్వాత ఒకరు మనుషుల్ని ఎంచుకున్నట్టు. ఎవరి జట్టు సరుకును జనం ఎక్కువ ఎంచుకున్నారో చూస్తాం. ఇద్దరూ ఒకే లిస్టులో ఉంటారు కాబట్టి చాలా తక్కువమందితోనే తేడా తెలుస్తుంది.

ఇవన్నీ ఉన్నా సోమవారం పొద్దున ఒక గంట నేను ఏ అంకే చూడను. కిందటి వారం సెర్చ్‌లలోంచి ఓ యాభై తీసి, మొదటి నుంచి చివరిదాకా కథలా చదువుతాను. ఈ వారం ఒకటి దొరికింది. తెల్లవారుజామున మూడు గంటలకు, అల్లూరు వైపునుంచి, 'ఆక్సిజన్'. గుంటల్లో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ అదే. టాబ్లెట్లు మొదటి స్థానంలోనే వచ్చాయి. నొక్కాడు, కార్టులో వేశాడు, ఆర్డర్ పెట్టలేదు. అయిదు నిమిషాలకు మళ్లీ అదే మాట, మళ్లీ అదే సరుకు, మళ్లీ ఆగిపోయాడు. మూడోసారి కూడా.

మా కస్టమర్ కేర్ అమ్మాయి చేత ఫోన్ చేయించాను. "సరుకు బాగానే చూపించిందమ్మా, డెలివరీ రేపు సాయంత్రం అని ఉంటే ఏం చేసుకునేది? పక్క గుంటాయన దగ్గర బదులు తెచ్చుకున్నా" అన్నాడట. మా రిపోర్టులో ఆ మూడు సెర్చ్‌లూ 'విఫలం' కింద పడ్డాయి. వాటిని అక్కడినుంచి తీసి ఏ గడిలో వేయాలా అని ఇంకా ఆలోచిస్తున్నా. ఈలోగా డెలివరీ టీముకు ఒక మెయిల్ పెట్టాను.