భవనాలపై గాలి భారం: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: గాలి భవనాన్ని నెడుతుంది కాబట్టి, ఎదురు గోడకు లెక్క చూసుకుంటే చాలు.

వాస్తవం: గాలి నెట్టేది ఎదురు గోడను మాత్రమే. మిగిలిన గోడలను, వాలు తక్కువగా ఉంటే పైకప్పును కూడా, అది బయటికి లాగుతుంది. ఒక రేకుల షెడ్డును తీసుకుందాం. గాలి వేగం సెకనుకు 50 మీటర్లయితే, ఆ వేగం వర్గాన్ని 0.6తో గుణించగా చదరపు మీటరుకు 1,500 న్యూటన్ల పీడనం వస్తుంది. కప్పు అంచుల్లోనూ మూలల్లోనూ ప్రవాహం ఉపరితలాన్ని విడిచి సుడులు తిరుగుతుంది కనుక, అక్కడి లాగుడు దీనికి రెట్టింపు దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. రేకు, దాన్ని మోసే అడ్డ దూలాల (పర్లిన్ల) సొంత బరువు కలిపినా సాధారణంగా చదరపు మీటరుకు 200 న్యూటన్లు దాటదు. రేకులు చాలాసార్లు మూలల నుంచే లేవడానికి కారణం ఇదే. కప్పు మధ్యభాగానికి సరిపోయే స్క్రూల దూరాన్నే మూలలకూ చూపించిన డ్రాయింగ్ నా బల్ల మీదికి వస్తే, మిగతా లెక్క చూడకుండానే వెనక్కి పంపుతాను.

దీనికి లోపలి పీడనం తోడవుతుంది. గాలి వచ్చే వైపు పెద్ద షట్టర్ తెరిచి ఉన్నా, గాలి తాకిడికి ఊడిపోయినా, లోపలికి చొరబడిన గాలి కప్పును కింది నుంచి తోస్తుంది. పైనుంచి లాగే బలం, కింది నుంచి తోసే బలం రెండూ ఒకే దిశలో కలుస్తాయి. గాలివానలో షట్టర్ మూసే ఉంచుతామన్న యజమాని మాట మీద లెక్కలో ఈ లోపలి పీడనపు గుణకాన్ని తగ్గించాలంటే, ముందు ఆ షట్టరూ దాని పట్టాలూ అదే గాలికి తట్టుకుంటాయని లెక్క చూపాలి.

అపోహ: వేగం కొంచెం అటూ ఇటూ అయినా ఫలితం పెద్దగా మారదు.

వాస్తవం: పీడనం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, వేగం 20 శాతం పెరిగితే భారం 44 శాతం పెరుగుతుంది. అంతకంటే ప్రమాదకరమైనది కొలమానాల కలగాపులగం. భారత, అమెరికా ప్రమాణాల్లో లెక్కకు మొదలైన ప్రాథమిక వేగం 3 సెకన్ల విసురు, అంటే 3 సెకన్ల పాటు తీసిన సగటు. యూరప్ ప్రమాణమైన యూరోకోడ్‌లోనిది 10 నిమిషాల సగటు. ఒకే గాలివానకు ఈ రెండూ వేర్వేరు అంకెలిస్తాయి. ఒకచోటి వేగాన్ని తెచ్చి మరోచోటి గుణకాలతో గుణిస్తే వచ్చేది ఏ ప్రమాణానికీ చెందని సంఖ్య.

అపోహ: 50 ఏళ్ల గాలి 50 ఏళ్లకు ఒక్కసారే వస్తుంది.

వాస్తవం: ఏ ఏడాదిలోనైనా ఆ వేగాన్ని మించే అవకాశం 2 శాతం. 50 ఏళ్ల కాలంలో కనీసం ఒక్కసారైనా మించే అవకాశం దాదాపు 64 శాతం.

అపోహ: చుట్టూ ఎత్తైన కట్టడాలుంటే వాటి చాటున గాలి తగ్గుతుంది.

వాస్తవం: తగ్గవచ్చు, పెరగనూవచ్చు. 1965 నవంబరు 1న ఇంగ్లండ్‌లోని ఫెర్రీబ్రిడ్జ్ విద్యుత్ కేంద్రంలో ఎనిమిది కూలింగ్ టవర్లకు గాను మూడు కూలిపోయాయి. కూలినవి గాలిని ముందుగా ఎదుర్కొన్న వరుసలోవి కావు, వాటి వెనుక చాటున ఉన్నవి. ముందున్న టవర్లు రేపిన అల్లకల్లోలం వీటి మీద పడింది. డిజైన్‌కు ఆధారమైన గాలి సొరంగ పరీక్షలేమో ఒంటరి టవర్ మీద చేసినవి. క్షణికమైన విసుర్లను కాక సగటు వేగాన్ని లెక్కలోకి తీసుకోవడం మరో కారణం.

అపోహ: భూకంపానికి డిజైన్ చేస్తే గాలికి విడిగా చూడనక్కర లేదు.

వాస్తవం: భూకంప బలం బరువుతో పెరుగుతుంది, గాలి భారం గాలికి ఎదురయ్యే వైశాల్యంతో పెరుగుతుంది. అందుచేత తేలికైన షెడ్లలో తరచు గాలిదే పైచేయి. అక్కడ సొంత బరువు మనకు మేలు చేసే వైపు ఉంటుంది కనుక, దాన్ని పెంచి కాక 0.9తో గుణించి, యాంకర్ బోల్టులూ పునాదీ పైకి లేవకుండా నిలుస్తాయో లేదో విడిగా సరిచూడాలి.